తెరుచుకోని పాత డిజైన్ ఫైలుకు దారి వెతకడం ఎలా

పాత డిజైన్ ఫైళ్ళు తెరిచి ఇవ్వడం నా పని. నా దగ్గరకు వచ్చేవాటిలో చాలా ఫైళ్ళు అసలు పాడవలేదు. వాటిని తయారుచేసిన ప్రోగ్రాం మూతపడి ఉంటుంది, లేదా ఆ ప్రోగ్రామే తన పాత ఫైళ్ళను చదవడం మానేసి ఉంటుంది. అందుకని నేను ముందు మరమ్మతుకు దిగను. ఆ ఫైలు ఏ ప్రోగ్రాంలో, ఏ కాలంలో పుట్టిందో పట్టుకుంటాను. ఆ సంగతి తేలితే ఎటు పోవాలో తెలుస్తుంది. నేను ఏ వరుసలో వెళ్తానో అదే ఇక్కడ రాస్తున్నాను.

ముట్టుకునే ముందు

ఫోల్డరు మొత్తాన్ని కాపీ తీయండి. కావలసిన ఒక్క ఫైలునే లాక్కొస్తే చాలదు. పేజీలు పేర్చే ప్రోగ్రాములు బొమ్మలను చాలావరకు తమలో దాచుకోవు, అవి ఎక్కడున్నాయో రాసుకుంటాయంతే. పక్క ఫోల్డర్లో ‘పనికిరాని’ టిఫ్ బొమ్మ ఫైళ్ళు కనబడితే వాటినీ తెచ్చుకోండి. కాపీ అయ్యాక అసలు ఫోల్డరును రీడ్ ఓన్లీ చేసి, అంటే ఎవరూ మార్చకుండా కట్టేసి, పక్కన పెట్టండి. కొత్త వెర్షన్‌లో పాత ఫైలు తెరిచి అలవాటుకొద్దీ సేవ్ నొక్కితే, అది కొత్త పద్ధతిలోకి మారిపోయి పాత వెర్షన్‌కు మళ్ళీ అందకుండా పోవచ్చు.

ఫైలును చివరిసారి మార్చిన తేదీని కూడా కాగితం మీద రాసుకోండి. కాపీ చేసే పద్ధతిని బట్టి ఆ తేదీ మారిపోతుంది. 1996 నాటి ఫైలా, 2006 నాటిదా అన్నది తర్వాత చాలా పనికొస్తుంది.

పాత మ్యాక్ డిస్కులైతే ఇంకో జాగ్రత్త కావాలి. అప్పటి మ్యాక్‌లో ఒక ఫైలుకు రెండు భాగాలుండేవి, డేటా ఫోర్క్, రిసోర్స్ ఫోర్క్. ఫైలు ఏ రకమో చెప్పే నాలుగక్షరాల గుర్తులు కూడా పేరులో కాకుండా విడిగా ఉండేవి. అందుకే ఆ ఫైళ్ళలో చాలావాటికి ఎక్స్‌టెన్షనే (పేరు చివర చుక్క తర్వాతి అక్షరాలు) ఉండదు. ఆ డిస్కును విండోస్ మీదుగానో మామూలు పెన్‌డ్రైవ్ మీదుగానో కాపీ చేస్తే రిసోర్స్ ఫోర్క్ రాలిపోవచ్చు. ఫాంట్ ఫైళ్ళకు ఉన్నదంతా అందులోనే, కాబట్టి అవి సున్నా బైట్లతో మిగులుతాయి. సున్నా సైజు ఫాంట్లు కనిపిస్తే తిట్టుకుంటూ చెరిపేయకండి. అసలు డిస్కు దగ్గరకు తిరిగి వెళ్ళి, ముందు డిస్కు ఇమేజ్ (మొత్తం డిస్కుకు ఉన్నదున్నట్టు నకలు) తీసి, అక్కడి నుంచి మొదలుపెట్టండి.

ఎక్స్‌టెన్షన్‌ను వదిలి మొదటి బైట్లు చూడండి

పేరు చివర ఉన్న అక్షరాలను ఎవరైనా మార్చగలరు. ఈమెయిల్లో పోవడం లేదని ఒకరు, అప్‌లోడ్ ఫారం తీసుకోవడం లేదని ఇంకొకరు మార్చేసి ఉంటారు. ఫైలు లోపలి మొదటి కొన్ని బైట్ల జోలికి మాత్రం ఎవరూ పోరు. బైట్లను ఉన్నవున్నట్టు చూపే ఏదైనా హెక్స్ ఎడిటర్‌లో ఫైలు తెరిచి పై వరుస చదవండి. అది లేకపోతే మామూలు టెక్స్ట్ ఎడిటర్ కూడా సగం పని చేసిపెడుతుంది, సేవ్ మాత్రం నొక్కొద్దు.

‘8బీపీఎస్’ అని ఇంగ్లీషు అక్షరాల్లో కనిపిస్తే అది ఫోటోషాప్ ఫైలు. ఆ వెంటనే వచ్చే అంకె 1 అయితే మామూలు పీఎస్‌డీ. 2 అయితే పీఎస్‌బీ, అంటే పక్కకో నిలువుకో 30,000 పిక్సెళ్ళు దాటిన బొమ్మల కోసం వచ్చిన పెద్దన్న. ‘జిఫ్87ఏ’ లేదా ‘జిఫ్89ఏ’ అన్న అక్షరాలు జిఫ్ ఫైలులో ఉన్నవున్నట్టు కనబడతాయి. శాతం గుర్తు వెనక ‘పీడీఎఫ్’ ఉంటే పీడీఎఫ్. శాతం, ఆశ్చర్యార్థకం, ఆపైన ‘పీఎస్’ ఉంటే పోస్ట్‌స్క్రిప్ట్. ఎఫ్‌ఎఫ్, డీ8 బైట్లతో మొదలైతే జేపెగ్. జేపెగ్ చివర కూడా చూడండి. ఎఫ్‌ఎఫ్, డీ9 లేకుండా ముగిస్తే ఫైలు మధ్యలో తెగిపోయిందన్న అనుమానం పెట్టుకోవచ్చు. బొమ్మ కింది భాగం బూడిదరంగులో వచ్చేది అందుకే.

టిఫ్ ఫైలు ‘ఐఐ’ తోనో ‘ఎంఎం’ తోనో మొదలవుతుంది. అవి ఇంటెల్, మోటరోలా. ఆ రెండు కంపెనీల చిప్‌లు బైట్లను ఎదురెదురు వరుసల్లో రాసేవి, ఈ ఫైలు ఏ వరుసలో ఉందో మొదటే చెప్పాలి కదా. 1986లో ఆల్డస్ కంపెనీ ఈ ఫార్మాట్ తెచ్చినప్పుడు ఆ ఇబ్బందిని రెండక్షరాలతో తేల్చేశారు. ఆ తర్వాత 42 అన్న అంకె ఉంటుంది. 43 ఉంటే అది బిగ్‌టిఫ్. పాత టిఫ్ 4 జీబీ దాటి లెక్కపెట్టలేదు, ఆ హద్దు తీసేయడానికి వచ్చిన రకం ఇది. పాత ప్రోగ్రాం ఒక టిఫ్‌ను తెరవనంటే నేను మొదట చూసేది ఈ అంకెనే.

నాకు బాగా నచ్చిన సంతకం పీఎన్‌జీది. మొత్తం ఎనిమిది బైట్లు, ప్రతిదానికీ ఒక డ్యూటీ ఉంది. మొదటి బైటు 89 హెక్స్, అందులో ఎనిమిదో బిట్ వెలిగి ఉంటుంది. ఆ బిట్‌ను కోసేసే పాత ఏడు బిట్ల దారిలో ఫైలు ప్రయాణిస్తే 89 కాస్తా 09 అవుతుంది. తర్వాత పీ, ఎన్, జీ అక్షరాలు. ఆ తర్వాత విండోస్ తరహా లైను ముగింపు, అంటే రెండు బైట్లు. ఎవరైనా ఫైలును టెక్స్ట్ అనుకుని పంపితే ఆ ముగింపు మారిపోయి దొరికిపోతుంది. తర్వాతిది డాస్‌లో ఫైలు అయిపోయిందని చెప్పే గుర్తు, డాస్ తెరమీద ఫైలును చూపించబోతే చెత్త అక్షరాలు కురవకుండా అక్కడే ఆగుతుంది. చివర యునిక్స్ తరహా లైను ముగింపు, మొదటిదానికి అద్దం లాగా. తెరుచుకోని పీఎన్‌జీ దొరికితే ఈ ఎనిమిది బైట్లు చదవండి, అది ఎక్కడ దెబ్బతిందో అవే చెబుతాయి. లైను ముగింపులు మారి ఉంటే ఎఫ్‌టీపీలో టెక్స్ట్ మోడ్‌లో పంపారన్నమాట. పంపినవారి దగ్గర అసలు ఫైలు ఉంటే బైనరీ మోడ్‌లో మళ్ళీ తెప్పించుకోవడమే సులువు.

‘పీకే’ అని మొదలైతే అది జిప్. డిజైన్ ఫైళ్ళలో ఇది ఎంత తరచుగా కనబడుతుందో తెలిస్తే ఆశ్చర్యపోతారు. పేజీలు పేర్చే ఇన్‌డిజైన్ ఇచ్చే ఐడీఎంఎల్, కొత్త కోరెల్, కొత్త స్కెచ్ ఫైళ్ళు అన్నీ లోపల జిప్‌లే. కాపీ తీసి, ఎక్స్‌టెన్షన్ జిప్ అని మార్చి విప్పి చూడండి. ఆటోక్యాడ్ డీడబ్ల్యూజీ ఫైలైతే మొదటి ఆరు అక్షరాల్లో వెర్షనే రాసి ఉంటుంది. ఏసీ1015 అంటే 2000 నాటి ఫార్మాట్, ఏసీ1018 అంటే 2004, ఏసీ1032 అంటే 2018.

ఇవన్నీ కంఠస్థం చేయనక్కరలేదు. లినక్స్, మ్యాక్ టెర్మినల్‌లో ‘ఫైల్’ అనే కమాండ్ ఈ పనే చేస్తుంది. ఫైళ్ళు వందల్లో ఉంటే బ్రిటన్ నేషనల్ ఆర్కైవ్స్ వారి డ్రాయిడ్ అనే ఉచిత పరికరం ఫోల్డరు మొత్తం చదివి, ఏది ఏ ఫార్మాటో, వీలైతే ఏ వెర్షనో జాబితా ఇస్తుంది. నేను మాత్రం ఇప్పటికీ మొదటి వరుస కంటితో చూడనిదే ముందుకు పోను.

పోస్ట్‌స్క్రిప్ట్ సంతానం

పేజీ డిజైన్ చరిత్రలో చాలా భాగం పోస్ట్‌స్క్రిప్ట్ చుట్టూ తిరుగుతుంది. జాన్ వార్నాక్, చార్లెస్ గెష్కీ 1982లో అడోబీ పెట్టారు, 1984లో పోస్ట్‌స్క్రిప్ట్ తెచ్చారు. 1985లో దాన్ని అర్థం చేసుకునే యాపిల్ లేజర్‌రైటర్ ప్రింటర్, పేజీలు పేర్చే ఆల్డస్ పేజ్‌మేకర్ వచ్చాయి. ఆ మూడూ కలిసి అచ్చు పనిని బల్ల మీదికి తెచ్చాయి. పోస్ట్‌స్క్రిప్ట్ నిజానికి ఒక ప్రోగ్రామింగ్ భాష, మనుషులు చదవగల అక్షరాల్లో ఉంటుంది. ఈ ఒక్క గుణం వల్ల ఆ కాలపు ఫైళ్ళు నేటికీ బతుకుతున్నాయి.

ఈపీఎస్ ఫైలును, అంటే పోస్ట్‌స్క్రిప్ట్‌లో రాసిన బొమ్మను, టెక్స్ట్ ఎడిటర్‌లో తెరిస్తే పైన రెండు శాతం గుర్తులతో మొదలయ్యే లైన్లు కనబడతాయి. ఏ ప్రోగ్రాం రాసింది, ఏ తేదీన, బొమ్మ హద్దులెంత, ఏ ఫాంట్లు కావాలి, అన్నీ అక్కడే ఉంటాయి. ఫైలు తెరుచుకోకపోయినా ఫాంట్ల పేర్లు చేతికొస్తాయి. ఆ లైన్లను ముందుగా ఒక నోట్‌లోకి కాపీ చేసుకోండి. ఒక్కోసారి పైన అక్షరాల బదులు సీ5 డీ0 డీ3 సీ6 అన్న నాలుగు బైట్లు ఉంటాయి. అది డాస్ కాలపు ఈపీఎస్. అసలు పోస్ట్‌స్క్రిప్ట్‌తో పాటు తెర మీద చూపడానికి ఒక చిన్న టిఫ్ బొమ్మను కూడా కుట్టేసి ఉంచారు. కొన్ని ప్రోగ్రాములు ఆ చిన్న బొమ్మనే చూపించి ‘ఇదే మీ లోగో’ అంటాయి. గళ్ళు గళ్ళుగా కనిపించే లోగో వచ్చిందంటే నిరాశపడకండి, అసలు గీతలు దాని పక్కనే ఉన్నాయి.

ఈపీఎస్‌కు నా మొదటి పరికరం పోస్ట్‌స్క్రిప్ట్ చదివే ప్రోగ్రాం గోస్ట్‌స్క్రిప్ట్. పీటర్ డాయిచ్ 1988లో మొదలుపెట్టింది, ఇప్పటికీ నడుస్తోంది. దానితో ఈపీఎస్‌ను పీడీఎఫ్ చేసి, ఆ పీడీఎఫ్‌ను ఇంక్‌స్కేప్‌లోనో ఇలస్ట్రేటర్‌లోనో తెరవండి. మ్యాక్ ప్రివ్యూలో తెరిచే అలవాటున్నవారు గమనించాలి, 2022లో వచ్చిన మ్యాక్ సిస్టం వెంచురా నుంచి ప్రివ్యూ ఈపీఎస్ తెరవడం మానేసింది. ఫైలు చెడిపోయిందనుకుని చాలామంది కంగారుపడేది ఇక్కడే.

ఇలస్ట్రేటర్ ఏఐ ఫైళ్ళకు రెండు యుగాలు. 1987లో వచ్చిన మొదటి వెర్షన్ నుంచి 8 వరకు ఏఐ అంటే పోస్ట్‌స్క్రిప్టే. పైన చెప్పిన పద్ధతి వాటికీ పనికొస్తుంది. 2000లో వచ్చిన వెర్షన్ 9 నుంచి ఏఐ ఫైలు పీడీఎఫ్ కడుపుతో పుడుతుంది. బయటకు ఒక పీడీఎఫ్, లోపల ఇలస్ట్రేటర్ ఒక్కటే చదువుకునే సొంత సమాచారం. ఇలస్ట్రేటర్ లేకపోతే ఏఐ కాపీకి పీడీఎఫ్ అని పేరు మార్చి తెరవండి, చాలాసార్లు తెరుచుకుంటుంది. దొరికేది పీడీఎఫ్ భాగం మాత్రమే అని గుర్తుంచుకోండి. లేయర్లు కలిసిపోయి, ఎఫెక్టులు గీతలై, ఒక పేరా అక్షరాలు ముక్కలు ముక్కలుగా వస్తాయి. గీతలు కావాలంటే సరిపోతుంది, పాఠం (టెక్స్ట్) మార్చాలంటే కాదు. సేవ్ చేసినవారు పీడీఎఫ్‌కు అనుకూలంగా అన్న టిక్కు తీసేసి ఉంటే, పీడీఎఫ్ సమాచారం లేకుండా సేవ్ చేశారన్న హెచ్చరిక రాసిన ఒక పేజీ తెరుచుకుంటుంది. ఇక ఇలస్ట్రేటర్ ఉన్నవారిని వెతుక్కోవలసిందే. సైజు తగ్గుతుందని ఆ టిక్కు తీసేసేవారి మీద నాకు పెద్ద గౌరవం లేదు.

పేజ్‌మేకర్, క్వార్క్: నిచ్చెన ఎక్కించాలి

పేజ్‌మేకర్ ఫైళ్ళ దగ్గర ఒక సంగతి ముందే తెలుసుకోవాలి. పాతదాన్ని నేరుగా ఈ ఏటి ప్రోగ్రాంలోకి దూకించలేరు. ఆల్డస్ 1994లో అడోబీలో కలిసింది. 2001లో 7.0 వచ్చింది, అదే ఆఖరిది. దాని స్థానంలోకి ఇన్‌డిజైన్ వచ్చింది, మొదటి వెర్షన్ 1999. ఇన్‌డిజైన్ సీఎస్6 వరకు పేజ్‌మేకర్ 6.0 మొదలు 7.0 దాకా ఫైళ్ళను తెరిచేది. 2013లో చందా పద్ధతికి మారిన సీసీ నుంచి ఆ తలుపు మూసేశారు. కాబట్టి దారి ఇది. సీఎస్6 ఉన్న పాత కంప్యూటర్ ఎక్కడుందో కనుక్కోండి. అందులో పేజ్‌మేకర్ ఫైలు తెరవండి. ఇన్‌డిజైన్ ఫైలుగానే కాకుండా ఐడీఎంఎల్‌గా కూడా ఎక్స్‌పోర్ట్ చేయండి. ఆ ఐడీఎంఎల్‌ను కొత్త ఇన్‌డిజైన్‌లో తెరవండి. ఐడీఎంఎల్ ఎందుకంటే, సీఎస్4 మొదలు ఏ ఇన్‌డిజైన్ అయినా దాన్ని చదువుతుంది, లోపల ఉన్నది ఎక్స్‌ఎంఎల్ పాఠం.

సీఎస్6 దొరకకపోతే లిబ్రేఆఫీస్ డ్రా ప్రయత్నించండి. 4.4 వెర్షన్ నుంచి పేజ్‌మేకర్‌ను, 6.0 నుంచి పాత క్వార్క్ ఎక్స్‌ప్రెస్ 3, 4 తరం ఫైళ్ళను తెరుస్తుంది. అమరిక అచ్చుగుద్దినట్టు రాదు, పాఠం మాత్రం వస్తుంది. అరలు అటూఇటూ జరిగినా పాఠం దొరికితే సగం పని అయినట్టే. పేజ్‌మేకర్ 6.0 కంటే పాతవైతే ముందు 6.5లో తెరిచి సేవ్ చేసి, అక్కడి నుంచి పైకి ఎక్కించాలి. ఆ పాత ప్రోగ్రాముల కోసం పాత ఆపరేటింగ్ సిస్టం కావాలి కాబట్టి నేను వాటిని వర్చువల్ మెషీన్లలో (కంప్యూటర్ లోపల నడిచే నకిలీ పాత కంప్యూటర్లలో) పెట్టుకున్నాను, ప్రతిదానికి ఇంటర్నెట్ కట్ చేసి. నా దగ్గరి పరికరాల్లో విలువైనది ఏదంటే ఆ మెషీన్ల ఫోల్డరే చూపిస్తాను.

కోరెల్, ఫ్రీహ్యాండ్, తక్కినవి

కోరెల్‌డ్రా 1989లో వచ్చింది. దాని సీడీఆర్ ఫైలులో చాలా ఏళ్ళ పాటు మొదటి నాలుగక్షరాలు ‘రిఫ్’. కొంచెం ముందుకెళితే ‘సీడీఆర్’ అని, దాని పక్కన వెర్షన్ చెప్పే ఒక అక్షరమో అంకెనో కనబడతాయి. 2008 నాటి ఎక్స్4 నుంచి సీడీఆర్ కూడా జిప్ అయింది. కోరెల్ చేతిలో ఉంటే కొత్త వెర్షన్‌లో ముందు తెరిచి చూడండి, పాతవాటిని తెరవడంలో అది కొంత ఓపికమంతురాలే. లేకపోతే ఇంక్‌స్కేప్, లిబ్రేఆఫీస్ డ్రా రెండూ లిబ్‌సీడీఆర్ అనే ఒకే లైబ్రరీ వాడతాయి. ఒకదానిలో రాకపోతే రెండోదానిలో అద్భుతం జరుగుతుందని ఎదురుచూడకండి. గీతలు, రంగులు బాగానే వస్తాయి. నీడలు, లెన్స్ ఎఫెక్టులు, ఆకారంలో ఇమిడ్చిన బొమ్మలు తేడా వస్తుంటాయి, వాటిని కళ్ళారా సరిచూడండి.

ఫ్రీహ్యాండ్ కథ తెలిస్తే దాని ఫైళ్ళు ఎందుకు అనాథలయ్యాయో అర్థమవుతుంది. ఆల్ట్‌సిస్ తయారుచేసింది, ఆల్డస్ అమ్మింది. ఆల్డస్ అడోబీలో కలిసినప్పుడు ఇలస్ట్రేటర్‌కు పోటీ కాబట్టి అది ఆల్ట్‌సిస్‌కు తిరిగి వెళ్ళింది. అక్కడి నుంచి మాక్రోమీడియా చేతికి, 2005లో మాక్రోమీడియాతో పాటు చివరికి అడోబీ చేతికే. 2007లో ఇక అభివృద్ధి ఉండదని ప్రకటించారు. దీనికీ లిబ్రేఆఫీస్ డ్రా దిక్కు.

వెబ్ బొమ్మలు చేసే ఫైర్‌వర్క్స్ దగ్గర ఒక ఉచ్చు ఉంది. దాని సొంత ఫైలు కూడా పీఎన్‌జీయే. లేయర్లు, అక్షరాలు, అన్నీ పీఎన్‌జీ లోపల అదనపు ముక్కలుగా ఉంటాయి, బయటకు మామూలు బొమ్మలా కనబడుతుంది. 200 కేబీ ఉండాల్సిన చిన్న బటన్ బొమ్మ 3 ఎంబీ ఉంటే అనుమానించండి. ఆ ఫోల్డర్ మీద సైజు తగ్గించే పరికరాలేవీ నడపొద్దు. ‘అనవసరపు సమాచారం’ అని అవి పారేసేది సరిగ్గా ఆ లేయర్లనే.

ఫ్లాష్ గురించి క్లుప్తంగా చెబుతాను. ప్లేయర్ 2020 డిసెంబర్ 31తో ఆగిపోయింది. తయారైన ఫ్లాష్ ఫైలు, అంటే ఎస్‌డబ్ల్యూఎఫ్, చూడాలంటే రఫుల్ అనే ఉచిత ఎమ్యులేటర్ ఉంది. ఎడిట్ చేయాలంటే ఎఫ్‌ఎల్‌ఏ అనే అసలు పని ఫైలు కావాలి, సీఎస్5 తర్వాతివైతే అవి కూడా జిప్‌లే.

అసలు ఫైలు ఎక్కడా దొరకని లోగో కోసం ఒక చిట్కా. ఆ సంస్థ పాత వర్డ్ ఫైళ్ళు, పవర్‌పాయింట్లు, అచ్చుకిచ్చిన పీడీఎఫ్‌లు అడగండి. డాక్స్ ఫైలు జిప్ కాబట్టి విప్పితే ‘మీడియా’ ఫోల్డర్లో లోగో ఈఎంఎఫ్‌గానో డబ్ల్యూఎంఎఫ్‌గానో, అంటే ఎంత పెంచినా చెదరని వెక్టర్ గీతలతో, పడి ఉండవచ్చు. పీడీఎఫ్‌ను 6400 శాతం జూమ్ చేయండి. అంచు నున్నగా ఉంటే వెక్టర్ దొరికినట్టే. జేపెగ్‌ను ఆటోమేటిక్‌గా ట్రేస్ చేసే పనికి ఇవన్నీ అయ్యాకే దిగుతాను.

ఫాంట్లు

ఫైలు తెరుచుకున్నాక ఎక్కువ సమయం తినేది ఇదే. పోస్ట్‌స్క్రిప్ట్ కాలపు టైప్ 1 ఫాంట్లకు అడోబీ ప్రోగ్రాముల మద్దతు ఫోటోషాప్‌లో 2021లో, మిగతావాటిలో 2023 జనవరిలో ఆగింది. ఫాంటు మీ దగ్గర ఉన్నా కొత్త వెర్షన్ దాన్ని గుర్తించదు, ‘లేదు’ అంటుంది. అదే ఫాంటు ఓపెన్‌టైప్ రూపం దొరికితే పెట్టండి, కానీ అక్షరాల వెడల్పులు కొద్దిగా తేడా ఉండి లైన్లు వేరేచోట విరగవచ్చు. అందుకని పాత మెషీన్‌లో టైప్ 1 ఫాంటుతోనే ఒకసారి తెరిచి, పీడీఎఫ్ తీసి, దాన్ని పక్కన పెట్టుకుని సరిచూడాలి. లోగోల్లాంటి మారని అక్షరాలను ఆ పాత మెషీన్‌లోనే కర్వ్స్‌గా, అంటే ఉత్త గీతలుగా, మార్చేయండి. పేరాల జోలికి మాత్రం పోవద్దు, కర్వ్స్ అయిన పేరాలో ఒక అచ్చుతప్పు దిద్దాలన్నా కుదరదు.

యూనికోడ్‌కు ముందు తెలుగు సహా చాలా లిపులకు ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లోనే తమ అక్షరాల ముక్కలు పెట్టిన ఫాంట్లు వాడారు. ఫాంటు లేకపోతే పేజీ నిండా ఇంగ్లీషు గజిబిజి కనిపిస్తుంది. అది పాడైన పాఠం కాదు, ఆ ఫాంటు తాళంచెవి ఉంటేనే చదవగల పాఠం. మూడు సంగతులు గుర్తుంచుకోండి. ఫాంటు పేరు ఖచ్చితంగా రాసుకోండి, ఎందుకంటే ఒక్కో కంపెనీ ముక్కలను ఒక్కో వరుసలో పెట్టింది, ఒకదాని కన్వర్టర్ ఇంకోదానికి పనికిరాదు. ఆ ఫాంటుతో తీసిన పీడీఎఫ్‌నో అచ్చుకాగితాన్నో సాక్షిగా ఉంచుకోండి. యూనికోడ్‌లోకి మార్చాక ఒత్తులు, గుడి దీర్ఘాలు ఉన్న పదాలను దాంతో పోల్చి చదవండి, తప్పులు అక్కడే పోగవుతాయి. ఈ చదవడాన్ని తప్పించే సాఫ్ట్‌వేర్ నాకింకా కనబడలేదు.

పిక్సెల్ బొమ్మలు, రంగులు

ఇక్కడ కష్టం తక్కువ, ప్రమాదం ఎక్కువ. దాదాపు అన్నీ తెరుచుకుంటాయి, కానీ తెరిచిన మనమే చెడగొట్టేస్తాం. జేపెగ్ బొమ్మను 8×8 పిక్సెళ్ళ గళ్ళుగా కోసి, ప్రతి గడిలో కంటికి పెద్దగా తెలియని వివరాలు పారేస్తుంది. దిద్ది మళ్ళీ జేపెగ్‌గా సేవ్ చేస్తే మళ్ళీ పారేస్తుంది. దిద్దాల్సి ఉంటే తెరిచిన వెంటనే టిఫ్‌గానో పీఎస్‌డీగానో మార్చుకుని పని చేయండి. మార్చితే నాణ్యత పెరుగుతుందని కాదు, ఇంకా తగ్గకుండా ఉంటుంది. జిఫ్‌లో మాత్రం ఈ భయం లేదు. అది 256 రంగుల హద్దులోనే ఉంటుంది కాబట్టి కదలని జిఫ్‌ను పీఎన్‌జీ చేస్తే ఒక్క పిక్సెల్ కూడా మారదు. పీఎన్‌జీ పుట్టిందే జిఫ్ కుదింపు పద్ధతి మీద యూనిసిస్‌కు ఉన్న పేటెంటు గొడవ వల్ల. 1995లో మొదలై 1996కల్లా ప్రమాణమైంది.

ఫోటోషాప్ ఫైలు పాతదైతే ఏమీ అనుకోకుండా తెరవండి. లేయర్లు 1994 నాటి 3.0లో వచ్చాయి, అంతకుముందువి ఒకే పొర. లేయర్లున్న పీఎస్‌డీని వేరే ప్రోగ్రాంలో తెరిస్తే తెల్లగానో ఖాళీగానో వస్తే, సేవ్ చేసినప్పుడు అనుకూలత ఆప్షన్ తీసేసి ఉంటారు. లేయర్లను చదవగల జింప్ లాంటి దానిలో చూడండి.

రంగులకు ఒకే నియమం. పాత సీఎంవైకే (అచ్చుకు వాడే నాలుగు సిరాల లెక్క) ఫైలులో ప్రొఫైల్, అంటే ఏ అంకె ఏ రంగో చెప్పే సమాచారం, లేకపోతే ప్రోగ్రాం ‘ఏం చేయమంటావ్’ అని అడుగుతుంది. అసైన్ అంటే అంకెలు అలాగే ఉండి కనిపించే రంగు మారుతుంది. కన్వర్ట్ అంటే కనిపించే రంగు ఉండి అంకెలు మారతాయి. అచ్చుకు వెళ్ళిన ఫైలులో అంకెలే ముఖ్యం. నల్లని అక్షరం ఒక్క నలుపు సిరాతో ఉండాలి, కన్వర్ట్ నొక్కితే అదే అక్షరం నాలుగు సిరాల్లో పరుచుకుంటుంది. తెర కోసం ఆర్‌జీబీ కావాలంటే కాపీ మీద చేయండి, వెనక్కి తెచ్చుకోవచ్చులే అనుకోకండి.

సరిచూడటం

తెరుచుకోగానే పండగ చేసుకోకుండా సైజు కొలవండి. ఇంక్‌స్కేప్ 0.92కి ముందు అంగుళానికి 90 పిక్సెళ్ళ లెక్క వాడింది, తర్వాత 96. ఇలస్ట్రేటర్‌ది 72. 10 సెంటీమీటర్ల బొమ్మ 9.4గానో 7.5గానో వస్తే కారణం ఇదే. ఏ గీత ఎంత పొడవుండాలో ఒక్కటి తెలిసినా చాలు, దాన్ని పట్టుకుని మొత్తం సరిచేయవచ్చు. తర్వాత పాత పీడీఎఫ్‌నో స్కాన్ చేసిన అచ్చు ప్రతినో కొత్త పేజీ మీద సగం పారదర్శకంగా పరచండి. లైన్లు ఎక్కడ జరిగాయో కంటికి ఇట్టే ఆనుతుంది. పేరా చివరి లైను, పట్టికలు, పేజీ చివరి అడుగు గమనిక, ఈ మూడు చోట్లే నేను ఎక్కువసేపు ఆగుతాను.

ఏ రూపంలో దాచాలి

ఒకే ఫార్మాట్‌లో దాచాలని పట్టుబట్టకండి. అసలు ఫైలు ఉన్నదున్నట్టు ఉంచండి, రేపు ఇంకా మంచి కన్వర్టర్ రావచ్చు. ఎడిట్ చేయగల రూపం ఒకటి తీయండి. పేజీలకు ఐడీఎంఎల్, గీతలకు ఎస్‌వీజీ, పిక్సెళ్ళకు టిఫ్. ఎస్‌వీజీ 2001 నుంచి డబ్ల్యూ3సీ ప్రమాణం, టెక్స్ట్ ఎడిటర్‌లో చదవొచ్చు. కాకపోతే సీఎంవైకే పని దానిలో సరిగా నిలవదు, అచ్చు లోగోలకు పీడీఎఫ్ కూడా తీయండి. మూడోది, అది ఎలా కనిపించాలో చూపే పీడీఎఫ్, ఫాంట్లు లోపల ఇమిడ్చి. అచ్చుకు పంపేదైతే పీడీఎఫ్/ఎక్స్-4, దాచుకునేదైతే పీడీఎఫ్/ఏ. పీడీఎఫ్/ఏ-3 రకంలో ఏ ఫైలునైనా జతచేయొచ్చు, కాబట్టి అసలు సీడీఆర్‌నే దానికి అంటించి దాచే పద్ధతీ ఉంది.

ఇప్పుడు బ్రౌజర్‌లో చేస్తున్న పనికి ఈ జాగ్రత్తలన్నీ ఇంకా ఎక్కువ వర్తిస్తాయి. ఫిగ్మాలో బొమ్మ మీ కంప్యూటర్లో ఉండదు. దించుకునే ఫిగ్ ఫైలు మళ్ళీ ఫిగ్మాలోకి ఎక్కించడానికే తప్ప వేరేచోట పెద్దగా అక్కరకు రాదు. స్కెచ్ మాత్రం 2017లో తన ఫైలును జిప్‌లో జేసన్ పాఠంగా మార్చింది, విప్పితే చదవొచ్చు. ఖాతా బతికుండగానే, ప్రాజెక్టు ముగిసిన రోజునే, ఎస్‌వీజీలు, పీడీఎఫ్ దించుకోండి. నెలాఖరున చూద్దాం అనుకుంటే అప్పటికి ఆ ఖాతా పెట్టిన మనిషి ఉద్యోగం మారి ఉంటారు.

ఫోల్డర్లో చివరగా ఒక మామూలు టెక్స్ట్ ఫైలు పెట్టండి. పాఠం, వర్డ్ కాదు. అందులో ఏ ప్రోగ్రాం, ఏ వెర్షన్, ఏ ఆపరేటింగ్ సిస్టం, ఫాంట్ల పేర్లు, అవి ఎక్కడ దొరికాయి, పేజీ సైజు మిల్లీమీటర్లలో, వాడిన స్పాట్ రంగుల పేర్లు, రంగు ప్రొఫైల్ పేరు, మొదట రాసుకున్న అసలు తేదీ, ఏ దారిలో మార్చారు, మార్చడంలో ఏం పోయింది అన్నవి రాయండి. ‘3వ పేజీ నీడ రాలేదు, చేత్తో వేశాను’ లాంటి లైను కూడా రాయండి. ఫైలు పేరు ముందు రెండు సున్నాలు పెట్టండి, ఫోల్డర్ తెరవగానే పైన కనబడుతుంది.